చూడలేకపోతే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: గుడ్ ఫ్రైడేకి ముందు మా సంఘంలో అందరం కలిసి ‘ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ సినిమా చూశాం. కొరడా దెబ్బల దృశ్యం మొదలైన కాసేపటికే నాకు కడుపులో తిప్పింది, కళ్లు మూసుకున్నాను. మేకులు కొట్టే చోటికి వచ్చేసరికి ఉండలేక లేచి బయటకు వచ్చేశాను. మావారితో సహా అందరూ వెక్కి వెక్కి ఏడ్చారు. నాకు మాత్రం భయం, జుగుప్స తప్ప కంటి వెంట ఒక్క చుక్క రాలేదు. తర్వాత సంఘ పెద్ద ఒకరు “ఆయన నీ కోసం అదంతా భరించాడు, నువ్వు కనీసం చూడలేవా?” అన్నారు. అప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు. ప్రార్థనకు కళ్లు మూసుకుంటే ఆ నెత్తుటి ముఖమే ఎదురుగా నిలుస్తోంది. పదమూడేళ్ల మా అక్క కొడుకు సినిమా చూసి “యూదులు అంత దుర్మార్గులా?” అని అడిగాడు, ఏం చెప్పాలో తోచలేదు. వచ్చే ఏడాది దీన్ని సండే స్కూలు పిల్లలకు కూడా చూపిస్తారట. మా పాపకు తొమ్మిదేళ్లు. నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉందా?

— ఒక సోదరి

జవాబు:

ప్రియమైన సోదరికి,

లోపం ఉందో లేదో తర్వాత చూద్దాం. ముందు ఆ పెద్దమనిషి అన్న మాట సంగతి తేల్చాలి, ఎందుకంటే మీ ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. సిలువ శ్రమను కళ్లప్పగించి చూడగలగడమే భక్తికి పరీక్ష అని ఆయన అనుకుంటున్నట్టుంది. ఆ పరీక్ష ఆయన పెట్టిందే తప్ప ప్రభువు పెట్టింది కాదు. భార్య ప్రసవవేదన చూడలేక గది బయటకు వచ్చి నిలబడ్డ భర్తకు ఆమె మీద ప్రేమ లేదని ఎవరైనా అంటారా? లోపల నిబ్బరంగా నిలబడ్డవాడి ప్రేమ రెండింతలని కొలిచి చెబుతారా?

ఇక మీరు చూడలేకపోయిన ఆ కొరడా దెబ్బల దృశ్యం. ఒక్కసారి బైబిలు తెరిచి మార్కు సువార్త 15వ అధ్యాయం, 15వ వచనం చదవండి. “యేసును కొరడాలతో కొట్టించి సిలువవేయ నప్పగించెను.” అంతే. మత్తయిలోనూ దాదాపు ఇదే మాట. యోహాను ఒక చిన్న వాక్యం రాశాడు. లూకా అయితే కొట్టించి విడిచిపెడతానని రోమా అధిపతి పిలాతు అన్నట్టు రాశాడు గాని, కొట్టిన ఘట్టాన్ని వర్ణించలేదు. ఎన్ని దెబ్బలో ఎవరూ రాయలేదు. ముప్పైతొమ్మిది దెబ్బలని ప్రసంగాల్లో తరచూ వింటుంటాం. అది యూదుల సమాజమందిరాల్లో పాటించిన హద్దు. పౌలు తాను ఒకటి తక్కువ నలువది దెబ్బలు ఐదుసార్లు తిన్నానని చెప్పింది దాన్ని గురించే. రోమా సైనికులకు ఆ హద్దు లేదు.

మరి తెర మీద అన్ని నిమిషాలు సాగినది ఎక్కడినుంచి వచ్చింది? సినిమాలో సైనికులు మొదట బెత్తాలతో కొడతారు. యేసు కూలబడి, మళ్లీ వణుకుతూ లేచి నిలబడతాడు. అది చూసి పంతం పెరిగి ఇనుప కొక్కేలున్న కొరడాలు అందుకుంటారు. ఈ లేచి నిలబడటం, ఈ పంతం సువార్తల్లో లేవు. సంకెళ్లతో ఉన్న యేసును వంతెన మీదినుంచి కిందికి తోసేయడం, పిలాతు భార్య మరియకు తెల్లటి బట్టలు తెచ్చి ఇవ్వడం, ఆ బట్టలతో మరియ రాతినేల మీది నెత్తురు అద్దడం కూడా లేవు. ఇలాంటివాటిలో చాలా భాగం జర్మనీకి చెందిన అన్నా కాతరీనా ఎమ్మెరిక్ అనే సన్యాసిని దర్శనాలుగా చెప్పినవి. ఆమె 1824లో చనిపోయింది. ఆమె మంచం పక్కన కూర్చుని విన్న క్లెమెన్స్ బ్రెంటానో అనే కవి 1833లో వాటిని పుస్తకంగా అచ్చు వేయించాడు. అందులో ఆమె చెప్పింది ఎంతో, కవిగారు కల్పించింది ఎంతో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. దర్శకుడు మెల్ గిబ్సన్ దాన్ని వాడుకున్నాడు. వాడుకోవడం తప్పని నేను అనను, సినిమా అన్నాక కల్పన ఉంటుంది. కానీ ఆ కల్పన దగ్గర మీరు కళ్లు మూసుకుంటే వాక్యం దగ్గర కళ్లు మూసుకున్నట్టు లెక్క కట్టడం మాత్రం తప్పే.

సినిమాకు న్యాయం చేయాలంటే అవతలి వాదన కూడా చెప్పాలి. సువార్తికులు అంత క్లుప్తంగా రాయడానికి ఒక కారణం, వారి తొలి పాఠకులకు వివరం అక్కర్లేకపోవడం. సిలువ మరణం ఎలా ఉంటుందో వాళ్లు ఊరి బయట దారి పక్కన చూసినవాళ్లే. స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు అణచివేశాక, క్రీస్తుపూర్వం 71లో, కపువా నుంచి రోము దాకా రహదారి పొడవునా ఆరు వేలమందిని సిలువ వేశారు. రోమా వక్త సిసిరో అయితే సిలువ అన్న మాటే రోమా పౌరుడి కంటికి, చెవికి, ఆలోచనకు కూడా దూరంగా ఉండాలన్నాడు. మనకు సిలువ అంటే గోడకు వేలాడే అలంకారం, మెడలో బంగారు గొలుసు. ఆ నగ వెనక ఎంత క్రూరత్వం ఉందో ఒక సినిమా గుర్తుచేస్తే అందులో మేలు లేకపోలేదు. ఇంతవరకు ఆ పెద్దమనిషి పక్షాన నేనూ నిలబడతాను.

అయితే సువార్తికుల క్లుప్తతకు అదొక్కటే కారణమైతే, మిగతావి కూడా క్లుప్తంగానే రాసి ఉండాలి కదా. రాయలేదు. సైనికులు ఊదారంగు వస్త్రం తొడిగి, ముళ్ల కిరీటం పెట్టి, మోకాళ్లూని వెక్కిరించడం వివరంగా రాశారు. బట్టల కోసం చీట్లు వేయడం, దారినపోయేవారి హేళన, యాజకుల ఎత్తిపొడుపు, పక్కన వేలాడుతున్న దొంగల మాటలు, విడిచిపోయిన శిష్యులు, ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో పేతురు బొంకు, వీటికి చోటు ఇచ్చారు. మేకుల ప్రస్తావనైతే సిలువ వేసే ఘట్టంలో నాలుగు సువార్తల్లోనూ లేదు! మొదటిసారి అది వినిపించేది యోహాను 20వ అధ్యాయంలో, పునరుత్థానం తర్వాత, తోమా నోట. అంటే దెబ్బల కన్నా అవమానం, ఒంటరితనం, వాటి మధ్య పలికిన క్షమాపణ మాట, ఇవే వాళ్లు మన ముందు పెట్టదలచుకున్నవి. హెబ్రీ పత్రిక కూడా “అవమానమును నిర్లక్ష్యపెట్టి, సిలువను సహించి” అంటుంది. సినిమా మన చూపును ఎక్కువసేపు చర్మం మీద నిలిపింది. నాకు ఆ సినిమాతో ఉన్న పేచీ ముఖ్యంగా ఇదే. రెండు గంటలకు పైగా నడిచే కథలో పునరుత్థానానికి చివర్లో దక్కింది కొద్ది క్షణాలే.

మీతో వాదనకు దిగేవారు రెండు వచనాలు ఎత్తుతారు, ముందే చెబుతున్నాను. ఒకటి గలతీయులకు రాసిన పత్రికలో, సిలువ వేయబడినవాడిగా యేసుక్రీస్తు “మీ కన్నులయెదుట ప్రదర్శింపబడెనుగదా” అన్నది. పౌలు గలతీయలో నాటకం వేయించలేదు, ప్రకటించాడు. రెండోది యెషయా 53లో “మనుష్యులు చూడనొల్లనివాడుగాను ఉండెను” అన్న మాట. అక్కడ జనం ముఖం తిప్పుకున్నది అతణ్ని తృణీకరించి, దేవుడే మొత్తాడని ఎంచి. మీరు తిప్పుకున్నది ఒక మనిషి ఒళ్లు చీలుతుంటే చూడలేక. ఈ రెండూ ఒకటే అనేవారితో వాదించకండి, కాఫీ ఇచ్చి పంపండి.

అసలు సిలువ వేసిన చోటైన గొల్గొతా దగ్గర ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడండి. యోహాను సువార్తలో తల్లి మరియ, మరికొందరు స్త్రీలు, ఆయన ప్రేమించిన శిష్యుడు సిలువ దగ్గర ఉన్నారు. మార్కు సువార్తలో మగ్దలేనే మరియ, సలోమే, ఇంకా అనేకమంది స్త్రీలు “దూరమునుండి చూచుచుండిరి”. పన్నెండుమందిలో చాలామంది అసలు అక్కడ లేనే లేరు. దూరంగా నిలబడ్డ ఆ స్త్రీలనే ఆదివారం తెల్లవారుజామున సమాధి దగ్గర చూస్తాం. దగ్గరికి రాలేదని వారిని దేవదూత నిలదీయలేదు.

కన్నీళ్ల సంగతికి వద్దాం. దారిలో తనకోసం రొమ్ము కొట్టుకుంటూ వస్తున్న స్త్రీలను చూసి యేసు ఏమన్నాడు? “యెరూషలేము కుమార్తెలారా, నా నిమిత్తము ఏడ్వకుడి.” మీ కోసం, మీ పిల్లల కోసం ఏడవండి అన్నాడు. నెత్తురోడుతూ నడుస్తున్న మనిషి, తన కోసం కారే కన్నీటిని పక్కకు పెట్టి, రాబోయే ఆపద వైపు వాళ్ల దృష్టి మళ్లించాడు. సినిమా హాల్లో మీ కళ్లు పొడిగా ఉండటం గురించి ఆయనకు పట్టింపు ఉంటుందని నేను అనుకోను. భయం, జుగుప్స కలగడం కూడా నిజమైన స్పందనే. మనిషిని అలా హింసించడం చూసి కడుపులో తిప్పకపోతేనే ఆలోచించుకోవాలి.

అలాగని మీవారి కన్నీళ్లను తేలిక చేయకండి. ఆ సినిమాలో నాకు మనసు చివుక్కుమన్న చోటు ఒకటుంది, అక్కడ నెత్తురు ప్రధానం కాదు. సిలువ మోస్తూ యేసు కింద పడతాడు. సందులో దాక్కున్న మరియకు, చిన్నప్పుడు పరుగెత్తుతూ పడిపోయిన పిల్లవాడు గుర్తుకొస్తాడు. అప్పుడు పరుగెత్తినట్టే ఇప్పుడూ పరుగెత్తుతుంది. ఇదీ సువార్తలో లేదు, కానీ ఏ తల్లికైనా తెలిసిన సంగతి. మీవారు ఏ దృశ్యం దగ్గర ఏడ్చారో అడగండి. జవాబు మీరు అనుకున్నది కాకపోవచ్చు. ఆ రాత్రి గురించి మీరిద్దరూ మాట్లాడుకున్నారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

బీభత్సమైన సిలువ బొమ్మ ఎప్పుడూ చెడ్డదే అని కూడా అనలేం. మొదటి శతాబ్దాల క్రైస్తవులు సిలువ మీది యేసును చిత్రించడానికి జంకారు. రోములోని శాంతా సబీనా దేవాలయపు చెక్క తలుపుల మీద 430 ప్రాంతంలో చెక్కినది ఇప్పటికి మిగిలిన తొలి బొమ్మల్లో ఒకటి. అందులో ఆయన కళ్లు తెరిచే ఉంటాయి, బాధ కనిపించదు. వెయ్యేళ్లకు పైగా గడిచాక, 1512, 1516 మధ్య, గ్రూనెవాల్డ్ అనే జర్మను చిత్రకారుడు ఈసెన్‌హైమ్ మఠానికి ఒక సిలువ చిత్రం వేశాడు. ఒళ్లంతా పుండ్లు, ఆకుపచ్చగా మారిన చర్మం, కొంకర్లు పోయిన వేళ్లు. చూడటానికి ధైర్యం కావాలి. కానీ ఆ మఠంలో పాడైన ధాన్యం తినడంవల్ల వచ్చే భయంకరమైన చర్మరోగంతో కుళ్లిపోతున్న రోగులకు వైద్యం చేసేవారు. తమ పుండ్లే ఆయన ఒంటి మీద చూసుకున్న రోగికి అది ఓదార్పు. నొప్పిలో ఉన్నవాడికి తోడుగా నిలిచే బొమ్మను తెచ్చి, నొప్పి చూడలేనివారి తలమీద మోపితే అది బెత్తం అవుతుంది. మీ విషయంలో జరిగింది ఇదే.

ప్రార్థనలో ఎదురయ్యే ముఖం మిమ్మల్ని ఎక్కువ బాధిస్తున్నట్టుంది. ఆ ముఖం ఎవరిదో గుర్తుపెట్టుకోండి. జిమ్ కవీజెల్ అనే అమెరికన్ నటుడిది. అతనికి కృత్రిమ ముక్కు అతికించారు, నీలి కళ్లను కంప్యూటర్‌లో గోధుమరంగుకు మార్చారు, గాయాలు గంటల తరబడి మేకప్ వేసి తయారుచేశారు. యేసు రూపురేఖల గురించి సువార్తలు ఒక్క మాట చెప్పలేదు. కాబట్టి ఆ ముఖాన్ని తోసేస్తే ప్రభువును తోసేసినట్టేమో అన్న భయం అక్కర్లేదు.

తోసేయాలని పంతం పట్టినకొద్దీ అది మరింత గట్టిగా వస్తుంది. కొన్నాళ్లు కళ్లు తెరిచే ప్రార్థించండి. కీర్తనలు బిగ్గరగా చదవండి, నోటికి పని ఉంటే మనసు కొంత కుదురుకుంటుంది. యోహాను సువార్త చివరి రెండు అధ్యాయాలు నిదానంగా చదవండి. మూసిన తలుపుల వెనక భయపడుతున్నవారి మధ్య నిలబడి “మీకు సమాధానము కలుగునుగాక” అన్నాకే ఆయన తన చేతులను, పక్కను చూపించాడు. వద్దన్నవారికి బలవంతంగా చూపించలేదు, తోమా అడిగితే దగ్గరికి పిలిచాడు. ఇంకో మాట. తన మరణాన్ని ఎలా జ్ఞాపకం చేసుకోవాలో ఆయనే చెప్పి వెళ్లాడు, రొట్టె విరిచి, గిన్నె అందించి. ప్రభువు బల్ల దగ్గరికి మామూలుగా వెళ్లండి. అపరాధ భావంతో అది మానేయవద్దు.

వారాలు గడిచినా నిద్ర పట్టకపోయినా, పగలు పనిలో ఉండగా కూడా ఆ దృశ్యాలు తోసుకొచ్చి గుండె దడ పుట్టినా వైద్యుడిని కలవండి. హింస చూసిన మెదడు అలా ప్రవర్తించడం శరీర ధర్మం. దానికి ఉపవాస ప్రార్థన ఒక్కటే మందు అని ఎవరైనా చెబితే వినకండి.

మీ అక్క కొడుకు అడిగిన ప్రశ్నను దాటవేయకండి, మీ సంఘంలో ఆ సాయంత్రం వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది అదేనేమో. యేసు యూదుడు. మరియ, పేతురు, యోహాను, సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు అందరూ యూదులే. ఆయన కోసం దారిలో ఏడ్చినవారూ యూదులే. సిలువ శిక్ష రోమీయులది, తీర్పు ఇచ్చింది రోమా అధిపతి. సినిమాలో పిలాతు పాపం మెత్తని మనిషిలా, సందేహాలతో నలిగిపోతూ కనిపిస్తాడు. లూకా 13వ అధ్యాయం మొదట్లోనే గలిలయుల నెత్తురును వారి బలులతో కలిపినవాడిగా అతని పేరు వస్తుంది. యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసినదాని ప్రకారం, సమరయుల మీద జరిపించిన ఊచకోత తర్వాత అతణ్ని పదవినుంచి తప్పించి రోముకు పంపారు.

“వాని రక్తము మామీదను మా పిల్లలమీదను ఉండునుగాక” అన్న మత్తయి వచనాన్ని పట్టుకుని ఐరోపాలో శతాబ్దాలపాటు యూదులను హింసించారు. సిలువ శ్రమల నాటకాలు ఆడే పవిత్ర వారంలోనే వారి మీద దాడులు జరిగిన సందర్భాలున్నాయి. అభ్యంతరాలు వచ్చాక సినిమాలో ఆ మాటకు కింద వేసే అనువాదం తీసేశారు, పాత్రలు మాట్లాడే అరమయిక్ భాషలో మాట మాత్రం వినబడుతూనే ఉంటుంది. ఏ కాలపు యూదులనైనా గుంపుగా ఆ మరణానికి బాధ్యులను చేయకూడదని 1965లో కతోలిక సంఘపు రెండవ వాటికన్ మహాసభ స్పష్టంగా ప్రకటించింది. ఇవన్నీ పిల్లవాడికి ఒక్కసారే చెప్పనక్కర్లేదు. “యేసు కూడా యూదుడేరా” అని మొదలుపెట్టండి. మిగతా ప్రశ్నలు వాడే అడుగుతాడు.

ఇక సండే స్కూలు సంగతి. ఇందులో మొహమాటం వద్దు. ఈ సినిమాకు అమెరికాలో పదిహేడేళ్లలోపు పిల్లలు పెద్దల తోడు లేకుండా చూడరాదన్న ధ్రువపత్రం ఇచ్చారు, బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్లు నిండినవారికే అనుమతించారు. తీవ్రత తగ్గించాలని గిబ్సనే 2005లో సుమారు ఐదు నిమిషాలు కత్తిరించి మళ్లీ విడుదల చేశాడు. తీసినవాడికే ఎక్కువైందని తోచినదాన్ని తొమ్మిదేళ్ల పాపకు చూపించాల్సిన అవసరం ఏ సంఘానికీ లేదు. చిన్న పిల్లలకు ప్రాయశ్చిత్తం అర్థమయ్యేలోపు భయం అర్థమవుతుంది, అది దేవుడి పేరుతో ముడిపడిపోతుంది. “నీవల్లే ఆయన్ని ఇలా కొట్టారు” అని పక్కన ఎవరైనా అంటే ఇక చెప్పక్కర్లేదు.

అందరి ముందు లేచి గొడవ పెట్టకండి. పాస్టరుగారిని విడిగా, ఇప్పుడే, ఏర్పాట్లు మొదలు కాకముందే కలవండి. మీవారిని వెంట తీసుకెళ్లండి, సినిమా నచ్చిన మనిషి కూడా పిల్లలకు వద్దంటే ఆ మాటకు బరువుంటుంది. పెద్ద పిల్లలకు ఎప్పుడైనా చూపించదలిస్తే తల్లిదండ్రులకు ముందుగా చెప్పాలని, తలుపు తెరిచి ఉంచాలని, బయటకు వెళ్లిన పిల్లలను ఎవరూ ప్రశ్నించకూడదని అడగండి. చిన్నవారికి ఆ రోజు మార్కు సువార్త చివరి అధ్యాయాలు చదివి వినిపిస్తే చాలు, ఎవరైనా గొంతు బాగున్నవారు చదవాలి. అది మీరే చదువుతానని చెప్పి చూడండి.